వాడు మొద్దు కాదు, మీ కొలబద్దే వంకర

(కులం – మనసు: 6వ భాగం)



ఒకే తీరు మెదడు రెండు ఇండ్లల్లో పుడితే దానికి రెండు పేర్లు వస్తయి. ఈ భాగమంతా ఆ రెండు పేర్ల గురించే.

హనుమకొండలో కారున్న ఇంట్లో ఒక పిల్లగాడు అక్షరాలు తారుమారు చేసి రాసిండనుకోండి. తల్లి గమనిస్తది. హైదరాబాద్ తీసుకపోతది. నాలుగు పరీక్షలు చేయించి రిపోర్టు తెస్తది. డిస్లెక్సియా అని పేరు పెడతరు. ఇంటిల్లిపాది కూసొని 'తారే జమీన్ పర్' చూసి కండ్లు తుడుసుకుంటరు. 2007లో వచ్చిన ఆ సినిమా మంచిదే, నేనేమీ అనను. స్కూలోళ్లు పరీక్షల్లో ఎక్కువ టైం ఇస్తరు. పిల్లగాడు గట్టెక్కుతడు.

అదే పిల్లగాడు వర్ధన్నపేట దిక్కు ఒక మాదిగవాడలో పుట్టిండనుకోండి. తల్లి పత్తి ఏరవోతది. నాలుగో తరగతిలో సారు వాణ్ని వెనుక బెంచికి పంపుతడు. "వీళ్లకు చదువు యాడ అబ్బుతది" అంటడు. ఎట్లనో పదో తరగతి దాటి, ఇంటర్ దాటి, డిగ్రీకి హనుమకొండ వస్తడు. ఇక్కడ ఇంకో మాట ఎదురొస్తది: "కోటాలో వచ్చిండు గదా, గంతే ఉంటది." ఆ పిల్లగాని మెదడు ఎట్ల పనిచేస్తుందని ఇన్నేండ్లల్లో ఒక్కరూ అడగలే. అడగాల్సిన అవసరం వాళ్లకు కనపడలే. జవాబు ముందే వాళ్ల చేతిలో ఉన్నది. ఆ జవాబు పేరు కులం.

నేను చెప్పదల్చుకున్నది ఇదే. మన పిల్లలకు రోగనిర్ధారణ చేసేది డాక్టరు కాదు, కులం. డాక్టరు దగ్గరికి పోవడానికి ఇరవై ఏండ్ల ముందే అది తన చీటీ రాసి పెడతది. కాబట్టి థెరపిస్టు కానీ, కాలేజీ కౌన్సిలర్ కానీ, సైకియాట్రిస్టు, సోషల్ వర్కర్, లెక్చరర్, వార్డెన్ కానీ, మనిషికి సాయం చేసుడే వృత్తిగా పెట్టుకున్న ఎవరైనా సరే, ఆ పాత చీటీని చించకుండ ఈ మనుషులకు ఏ సాయమూ చెయ్యలేరు.

*

ముందు ఈ మనుషులెవరో చెప్పుకుందాం.

న్యూరోడైవర్జెంట్ అంటే మెదడు వేరే తీరులో పనిచేసే మనిషి. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా, రాతకు చెయ్యి సహకరించని డిస్‌గ్రాఫియా, ఇవన్నీ ఈ మాట కిందికి వస్తయి. ఆస్ట్రేలియాకు చెందిన జూడీ సింగర్ 1998లో తన థీసిస్‌లో న్యూరోడైవర్సిటీ గురించి రాసింది. మనుషుల రంగుల్లో, భాషల్లో తేడాలున్నట్టే మెదళ్లలో కూడా తేడాలుంటయి, ఆ తేడాను లోపంగా చూసే కన్నే మారాలె అన్నది ఆ ఆలోచన వెనుకున్న మాట. పుట్టుకతో వచ్చిన తేడాను తక్కువతనం చేసి చూపెట్టే పని ఈ దేశంలో ఎవరు చేసిన్రో, ఎన్ని వేల ఏండ్లు చేసిన్రో మనకు ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. అందుకే ఈ ఆలోచన మనకు అర్థమైనంత తొందరగా ఇంకెవరికీ అర్థం కాదు.

మన మధ్యల వాళ్లను మీరు చూసే ఉంటరు. పెండ్లిలో డీజే మోగంగనే గోడ వెనుకకు పోయి చెవులు మూసుకునేటోడు. కాజీపేట మీదుగ పోయే రైళ్ల టైములన్నీ నోటికి చెప్తడు గానీ స్కాలర్‌షిప్ రెన్యువల్ తేదీ మూడేండ్లూ మర్చిపోయినోడు. ఉన్నది ఉన్నట్టు మొకం మీద అంటది కాబట్టి "తలపొగరుది" అని పేరు పడ్డ పిల్ల. పాఠం మొత్తం నోటితో అప్పజెప్పి, అదే పాఠం రాయమంటే సగం పేజీ దగ్గర ఆగిపోయేటోడు. ఊర్లో వీళ్లకు పేర్లు కరువా? ఎడ్డోడు, తిక్కలోడు, మొద్దు, మెంటల్.

వీళ్లు ఏ మూలనో ఒకరిద్దరు అనుకోకండి. మన దేశంలో ఐదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేండ్ల పిల్లలను పరీక్షించి 2018లో ఒక అధ్యయనం ప్రచురించిన్రు. ఆ ఐదు చోట్లల్లో హైదరాబాద్ ఒకటి. చూపు, వినికిడి, మూర్ఛ, ఆటిజం, ఏడీహెచ్‌డీ, చదువులో ఇబ్బందులు, ఇట్లాంటివన్నీ కలిపి లెక్కవేస్తే దాదాపు 12 శాతం పిల్లలకు ఏదో ఒకటి ఉన్నది. అంటే నలభై మంది తరగతిలో నలుగురైదుగురు. ఆ పిల్లలు పెరగరా? పెరిగి ఎక్కడికి పోయిన్రు? మన హాస్టళ్లల్లో, కోచింగ్ సెంటర్లల్లో, అడ్డా మీద, మార్కెట్ యార్డుల్లో ఉన్నరు. పేరు లేకుండ ఉన్నరు.

పేరు ఆలస్యంగా అందుడు మన దేశపు రోగమే కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పేదల ఆరోగ్య పథకం కింద ఉన్న ఆటిజం పిల్లల రికార్డులు తీసి చూస్తే, తెల్ల పిల్లలకు సగటున 6.3 ఏండ్లకు ఆ పేరు పెడితే, నల్ల పిల్లలకు 7.9 ఏండ్లకు పెట్టిన్రని 2002లో తేలింది. ఒకే ఊరు, ఒకే పథకం, ఒకే జబ్బు పేరు. ఏడాదిన్నర ఆలస్యం తోలు రంగుకు. మన దగ్గర ఈ ఆలస్యాన్ని కులం వారీగా లెక్క తియ్యాలంటే ఏడాదిన్నర సరిపోదు. చాలామందికి జీవితం గడిచిపోయినా ఆ పేరు అందదు.

*

పద్దెనిమిది ఏండ్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉన్నది. పుట్టుక నుంచి 18 ఏండ్ల దాకా పిల్లలను పరీక్షించాలె, తేడా కనపడితే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలె. మండలాల్లో భవిత కేంద్రాలున్నయి, అవి బడి పిల్లలకు. అవి ఎట్ల నడుస్తున్నయనేది వేరే పంచాయితీ. కనీసం కాగితం మీద పిల్లకు ఒక తలుపు ఉన్నది.

18 నిండిన తెల్లారి ఆ తలుపు పడుతది. ఆటిజం కూడా ఆ రాత్రే పోతదా మరి? బడిలో ఎవరూ పట్టించుకోని ఏడీహెచ్‌డీ, డిగ్రీ ఫస్టియర్‌లో తానే సర్దుకుంటదా?

పెద్దయినంక మిగిలేది సర్కారు దవాఖాన ఓపీ. చీటీ కోసం లైను, డాక్టరు కోసం లైను, మందుల కోసం లైను. టోకెన్ నంబర్లు అరిచే గొంతు, ఫినాయిల్ వాసన, ట్యూబులైట్ల మిణుకు, భుజానికి భుజం తగిలే జనం. శబ్దం, వాసన, తాకిడి ఒంటిమీద వాతపెట్టినట్టు అనిపించే మనిషి ఆ లైను దాటి డాక్టరు ముందు కూసునేసరికి నోట మాట రాదు. డాక్టరుకు వెనుక ఇంకా అరవై మంది ఉంటరు. చీటీ మీద డిప్రెషన్ అనో, యాంగ్జైటీ అనో రాసి మందులిస్తడు. ఆ డిప్రెషన్ అబద్ధం కాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందనేది మాత్రం తెలుసుకునే టైం ఆ గదిలో ఉండదు. అది ఆ కుర్చీలో కూసున్న డాక్టరు ఒక్కరి తప్పు కాదు, ఆ కుర్చీని అట్ల వేసినోళ్ల తప్పు. మేధోపరమైన వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్నది. వరంగల్ నుంచి 130 కిలోమీటర్లకు పైగా. కూలి పోగొట్టుకొని, తోడొక మనిషిని తీసుకొని, రెండు మూడు సార్లు తిరిగే మాదిగ కుటుంబాన్ని నాకు చూపెట్టండి.

*

సరే, డాక్టరు దొరికిండు, టైం దొరికింది అనుకుందాం. అప్పుడు కొలబద్ద బయటికొస్తది.

మన దేశంలో ఆటిజం కొలవడానికి వాడే ఇసా అనే స్కేల్‌లో 40 అంశాలున్నయి. సికింద్రాబాద్ సంస్థలోనే తయారైంది. అందులో మొట్టమొదటి అంశం: కండ్లలోకి చూసి మాట్లాడుతడా లేదా.

ఇది వరంగల్ అని యాది చేసుకోండి. "నీ కాల్మొక్త బాంచెన్" అని నేలచూపులు చూసుకుంట బతికిన తాతలకు పుట్టినోళ్లం. దొర కండ్లలోకి చూసుడే నేరమైన గడ్డ ఇది. పెద్దకులపోని ముందట తలొంచుకోమని మన అమ్మలు భయంతో నేర్పిన పాఠం ఇంకా ఒంట్లో ఉన్నది. ఇప్పుడు కోటు వేసుకున్న మనిషి ముందట మన పిల్లగాడు కూసుంటే రెండు తీర్లుగా మోసం జరుగుతది. ఆటిజం లేనోడు కులభయంతో కండ్లు దించుకుంటే లోపమని రాస్తరు. నిజంగ ఆటిజం ఉన్నోడు కండ్లు దించుకుంటే "పాపం, పల్లెటూరి పిల్లగాడు, బిడియం" అని పంపిస్తరు. కొలబద్దకు కులం తెల్వదు. కానీ కొలిచే ఒంటికి తెలుసు.

రెండో మోసం చిన్నప్పటి ముచ్చట్ల కాడ. పెద్దోళ్లకు ఆటిజం ఉన్నదా లేదా చెప్పాలంటే చిన్ననాటి చరిత్ర కావాలె. ఏడీహెచ్‌డీ అని చెప్పాలంటే 12 ఏండ్ల లోపే ఆ లక్షణాలు కనపడి ఉండాలని లెక్క. "ఎన్ని నెలలకు నడిచిండు? ఎప్పుడు మాట్లాడిండు? స్కూలు రిపోర్టులున్నయా?" అని అడుగుతరు. కారున్న ఇంట్లో ఆల్బమ్ ఉంటది, వీడియోలుంటయి, టీచర్ రాసిన డైరీలుంటయి. మన అమ్మ పొద్దుగాల చేన్లకు పోయి పొద్దుమూకినంక వచ్చింది. పిల్లను ఆరేండ్ల అక్క ఎత్తుకొని తిరిగింది. పుట్టినరోజు కూడా బడిలో సారు వేసిన తేదీయే. ఆ ప్రశ్నలకు అమ్మ "అందరి లెక్కనే ఉన్నడు సారూ" అంటది. డాక్టరు "హిస్టరీ లేదు" అని రాసుకుంటడు. చరిత్ర లేకపోవుడు కాదు అది. చరిత్ర ఉన్న మనిషిని అడగకపోవుడు.

అడిగే తీరు తెలిస్తే మన ఇండ్లల్లో జవాబులు కుప్పలున్నయి. ఎత్తుకొని తిరిగిన అక్కను అడగండి. "డప్పుల చప్పుడు వస్తే ఏం చేసేటోడు?" అనండి. "బోనాలప్పుడు ఎక్కడ దాక్కునేటోడు? కొత్త అంగీ వేస్తే మెడకాడ చించుకునేటోడా? రోజూ ఒకే గిన్నెలో తింటననేటోడా? దుకాణానికి పంపితే ఏం మర్చిపోయి వచ్చేటోడు?" ఆమె గంటసేపు చెప్తది. ఆ గంటను ఏ ఆల్బమ్ ఇయ్యలేదు.

మూడోది ముసుగు. ఆటిజం ఉన్న పెద్దోళ్లు చాలామంది పక్కోళ్లను చూసి నవ్వు నేర్చుకుంటరు, మాట నేర్చుకుంటరు, లోపల అలసిపోయి సాయంత్రానికి కుప్పకూలుతరు. మాస్కింగ్ అంటరు దీన్ని. మనకు ఇంకో ముసుగు ముందే ఉన్నది. కిరాయి ఇల్లు అడగవోతే "ఏ ఊరు, ఇంటిపేరేంది?" అని మొదలుపెట్టే ఓనర్ ముందట, హాస్టల్‌లో, ఆఫీసులో కులం దాచుకునే ముసుగు. ఒక మొకం మీద రెండు ముసుగులు. ఆ రెండింటి బరువుతో గదికి వచ్చి తలుపు వేసుకొని పండుకుంటే "బద్ధకం" అంటరు. 2014లో ఇంగ్లండ్‌లో ఒక క్లినిక్‌లో పెద్దయినంక ఆస్పర్జర్ అని తేలిన వాళ్లను అడిగితే 66 శాతం మంది చావాలనే ఆలోచన వచ్చిందన్నరు. అది కులం లేని చోట, ఒక్క ముసుగు కింది లెక్క.

*

ఇప్పుడు థెరపీ గది ముచ్చట.

నాకు తెలిసిన ఒక పీజీ పిల్ల మూడు నెలలు ఒక కౌన్సిలర్ దగ్గరికి పోయింది. పేర్లు వద్దు. "నీకేమనిపిస్తుంది" అని ఆమె ప్రతిసారీ అడిగేది. ఈ పిల్లకు ఏమనిపిస్తుందో మాటల్లో దొరకదు, కడుపులో మెలిపెట్టినట్టు ఉంటదని మాత్రం తెలుసు. మౌనంగ ఉంటే "సహకరించడం లేదు" అన్నది. రోజూ డైరీ రాయమన్నది, రాసుడే కష్టమైన పిల్లకు. రెండుసార్లు అపాయింట్‌మెంట్ మర్చిపోతే "నీకే సీరియస్‌నెస్ లేనప్పుడు నేనేం చేస్త" అన్నది. క్లాసులో కులం మాట వచ్చిన రోజు గురించి చెప్పబోతే "పాలిటిక్స్ ఇక్కడ వద్దు" అన్నది. నాలుగో నెల ఆ పిల్ల పోలేదు. ఆ కౌన్సిలర్ కాగితాల్లో ఆమె మధ్యలో మానేసిన కేసు. నా లెక్కలో మానేసింది ఆ పిల్ల కాదు, మొదటి రోజే ఆమెను చూసుడు మానేసిన కౌన్సిలర్.

అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదంటరు. అడగడమే రాని మనిషికి ఏం పెడతరు? సాయం చేసే వృత్తి మొత్తం అడగగలిగినోని కోసం కట్టిన ఇల్లు. టైంకు రావాలె, ఎదురుగ కూసోవాలె, కండ్లలోకి చూడాలె, బాధను మంచి మాటల్లో చెప్పాలె. ఇవన్నీ వస్తే అసలు సగం బాధ ఉండకపోను.

ఆటిజం ఉన్నోళ్లకు ఎదుటివాళ్ల మనసు అర్థం కాదని దశాబ్దాలు రాసుకున్నరు. తానే ఆటిజం ఉన్న బ్రిటిష్ సోషియాలజిస్టు డేమియన్ మిల్టన్ 2012లో దాన్ని తిప్పికొట్టిండు. అర్థం కాకపోవుడు రెండు దిక్కులా ఉన్నది, మీకు మేమెంత అర్థమైనమో చెప్పండి అన్నది ఆయన వాదన. ఊరికి వాడ అర్థం కాదు, వాడకే మర్యాద తెల్వదని ఊరు అంటది. ఈ తర్కం మనకు కొత్తదా?

*

చట్టం ఏమంటదో కూడా చూడాలె. కొట్లాడడానికి అది పనిముట్టు.

1995 వికలాంగుల చట్టంలో 7 వైకల్యాలుండె. 2016 చట్టంలో 21 అయినయి. ఆటిజం, డిస్లెక్సియా లాంటి చదువు సంబంధమైన వైకల్యాలు అందులోకి వచ్చినయి. ఏడీహెచ్‌డీ రాలేదు. సర్కారు కొలువుల్లో 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. అందులో చూపుకు ఒకటి, వినికిడికి ఒకటి, కాలుచేతులకు ఒకటి. ఆటిజం, మేధో వైకల్యం, చదువు వైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యం, ఇన్నిటికీ కలిపి ఒక్క శాతం. ఒక్క గిన్నెలో ఇంతమందికి పెట్టి తినమంటే ఎవరు తింటరు? రిపోర్టు కొనగలిగినోడు, ఇంగ్లిషులో అప్పీలు రాయగలిగినోడు తింటడు. ముప్పై ఏండ్లు కొట్లాడి 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమలు చేయించుకున్న జాతికి ఈ లెక్క విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. ఒక కప్పు కింద ఉన్నంత మాత్రాన అందరికీ సమానంగా అందదు.

ఇంకో సంగతి. 40 శాతం సర్టిఫికెట్ లేకపోతే ఏ హక్కూ లేదని ఆఫీసుల్లో అంటరు. సదరం క్యాంపులో 40 రాలేదని వెనక్కి పంపుతరు. పింఛను 4,016 రూపాయలకు ఆ మాట వర్తిస్తది. అన్నిటికీ వర్తించదు. 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? రాసేటప్పుడు చెయ్యి పట్టేసే ఆ అభ్యర్థికి 40 శాతం లేదని స్క్రైబ్‌ను ఇయ్యమన్నది యూపీఎస్సీ. ఇయ్యాల్సిందే అన్నది కోర్టు. మనిషి అవసరానికి తగ్గట్టు ఏర్పాటు చేసుడు హక్కు, దానికి 40 శాతంతో ముడిపెట్టొద్దన్నది. ఏడీహెచ్‌డీ ఉన్న విద్యార్థి ఈ తీర్పు పట్టుకొని పరీక్షల విభాగానికి అర్జీ పెట్టొచ్చు.

2016 చట్టం 92వ సెక్షన్ చదవండి. నలుగురు చూసే చోట వికలాంగుణ్ని కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా జైలు. మాటలు ఎక్కడో విన్నట్టు లేదూ? అట్రాసిటీ చట్టం మాటలే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్‌లో వైద్యం అందించేటప్పుడు కులం పేరుతో వివక్ష చూపొద్దని రాసి ఉన్నది. "కులం ఇక్కడ మాట్లాడొద్దు" అనే కౌన్సిలర్‌కు ఆ పేజీ చూపెట్టండి. చట్టమే కులం మాట ఎత్తింది.

కానీ చట్టం కూడా మనల్ని ముక్కలు చేసే చూస్తది. 2021 ఏప్రిల్ 27న పఠాన్ జమాల్ వలీ కేసు తీర్పు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చూపులేని ఒక దళిత అమ్మాయి మీద జరిగిన అత్యాచారం కేసు. కులం, ఆడతనం, వైకల్యం, మూడూ కలిసి ఒకే మనిషి మీద పడితే ఆ దెబ్బను విడదీసి చూడలేమని సుప్రీంకోర్టు పేజీలకు పేజీలు రాసింది. అత్యాచారానికి యావజ్జీవ శిక్ష నిలబెట్టింది. అదే తీర్పులో, కులం కారణంగా జరిగిందనే సాక్ష్యం ప్రాసిక్యూషన్ తేలేదని అట్రాసిటీ సెక్షన్ కింది శిక్షను కొట్టేసింది. విడదీయలేమన్నదాన్ని చివరికి సాక్ష్యం లేక విడదీయాల్సి వచ్చింది. మన ఆఫీసులు అట్లనే ఉన్నయి. కులానికి ఒక కౌంటర్, వైకల్యానికి ఒక కౌంటర్, మనసుకు ఇంకో కౌంటర్. మూడింటి మధ్య తిరిగే మనిషి మాత్రం ఒక్కడే.

*

ఇద్దరితో కొట్లాట ఉన్నది నాకు.

మొదటిది, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆటిజం ఒక సూపర్ పవర్ అని పోస్టర్లు పెట్టే సవర్ణ మిత్రులతో. మీకు వచ్చిన పేరు మీకు ఊపిరి ఇచ్చింది, సంతోషం. మీ వర్క్‌షాపులు ఇంగ్లిషులో, మీ థెరపీ ఫీజు మా అమ్మ వారం కూలి. మీరు "నాకు తేడా ఉన్నది" అంటే క్రియేటివ్ అంటరు. మా పోరడు అదే మాటంటే "చదువు రాదని సాకు చెప్తున్నడు" అంటరు. కులం మాట ఎత్తకుండ న్యూరోడైవర్సిటీ మాట్లాడితే అది ఇంకో అగ్రహారమే అయితది.

రెండోది మనవాళ్లతో. "ఇవన్నీ బలిసినోళ్ల రోగాలు, ముందు కులం పోనీ" అనే అన్నలతో. ఉద్యమంలోనే చూడండి. అంబేద్కర్ భవన్‌లో మీటింగ్ నాలుగు గంటలు. మైకు గోడలు అదిరేటట్టు. మధ్యలో లేచి బయటికి పోయిన పోరనికి "కమిట్‌మెంట్ లేదు" అని ముద్ర. వేదిక మీద నుంచి ప్రత్యర్థిని తిట్టాలంటే మన నోట్లోకి మొదట వచ్చే మాట మెంటల్, పిచ్చోడు. కులం పేరుతో తిడితే కేసు పెడతం, మెదడు పేరుతో తిట్టి చప్పట్లు కొడతం. ఇదెక్కడి న్యాయం?

మన చరిత్ర ఇట్ల లేదు. ఈ వరంగల్ గడ్డ మీద పుట్టిన మంద కృష్ణ మాదిగ దండోరాతో ఆగలేదు. వికలాంగుల హక్కుల పోరాట సమితి పెట్టి పింఛన్ల కోసం రోడ్డెక్కిండు, గుండె జబ్బు పిల్లల ఆపరేషన్ల కోసం కొట్లాడిండు. కుల ఉద్యమం వైకల్యం ముచ్చట ఎత్తితే ప్రభుత్వాలు కదిలినయి. ఆ దారిలో తర్వాతి అడుగు కంటికి కనపడని వైకల్యం. బహుజనుల మానసిక ఆరోగ్యం కోసం దివ్య కందుకూరి 'ది బ్లూ డాన్' మొదలుపెట్టింది. ఈ పని చేసే మన మనుషులున్నరు, మనం వాళ్ల వెనుక నిలబడాలె.

ఇంకో మాట. సాయం చేసేటోళ్లలో కూడా ఈ మనుషులున్నరు. డిస్లెక్సియా ఉన్న టీచరు, ఏడీహెచ్‌డీ ఉన్న నర్సు, ఆటిజం ఉన్న సోషల్ వర్కర్. ఎస్సీ కొలువు అనే మాట ఒకదిక్కు పడుకుంట, ఈ రెండోది బయటపడితే ఉద్యోగం పోతదని దాచుకుంటరు. సర్కారు సంస్థ తన ఉద్యోగికి తగిన ఏర్పాటు చెయ్యాలని 2016 చట్టం 20వ సెక్షన్ చెప్తది. నోటితో చెప్పిన డ్యూటీని రాసిచ్చుడు, రిజిస్టర్ బదులు టైపు చేయనిచ్చుడు, దీనికి బడ్జెట్ కావాల్నా? ఈ బాధ పడ్డ మనిషే రేపు ఇంకొకని బాధను అందరికంటే ముందు పసిగడతది.

*

కాబట్టి డిమాండ్లు. కాపీ చేసుకోండి, మీ కాలేజీలో పెట్టండి.

థెరపీ, కౌన్సిలింగ్ చేసేటోళ్లకు:

1. కండ్లలోకి చూడమనొద్దు. గోడను చూసుకుంట, చేతిలో ఏదో తిప్పుకుంట మాట్లాడనియ్యండి.

2. మొదటిసారి రాకముందే గదిలో ఏం జరుగుతది, ఎంతసేపు, ఎవరుంటరు, ఫీజెంత, తెలుగులో రాసి పంపండి. అయిపోయినంక చెప్పింది మూడు లైన్లలో రాసియ్యండి.

3. అపాయింట్‌మెంట్ మర్చిపోతే అది నేరం కాదు. ముందురోజు ఒకసారి, రెండు గంటల ముందు ఒకసారి యాది చెయ్యండి.

4. "ఏమనిపిస్తుంది" అని మాత్రమే అడగకండి. ఒంట్లో ఎక్కడ ఎట్లున్నదో అడగండి. మాట రాకపోతే రాయనియ్యండి, రాత రాకపోతే వాయిస్ మెసేజ్ పెట్టనియ్యండి.

5. చెవిలో గుచ్చే చప్పుడు, కండ్లలో గుచ్చే లైటు తగ్గించండి.

6. కులం గురించి మీరే అడగండి. ఇంటిపేరు తవ్వి కాదు. "కులం వల్ల నీకేమన్న జరిగిందా? చెప్పాలనిపిస్తే వింట" అని.

7. పెద్దమనిషి వచ్చి చెప్పుకున్నది వాళ్ల నాయనకో, హెచ్‌ఓడీకో ఫోన్ చేసి చెప్పొద్దు.

8. వాణ్ని మామూలు మనిషిని చేసుడు మీ పని కాదు. వాడు వాడిగ బతికే దారి వెతుకుడు మీ పని.

సంస్థలకు, ప్రభుత్వానికి:

1. జిల్లాలోనే పెద్దోళ్లకు ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా పరీక్షలు జరగాలె. ఎంజీఎంలో వారంలో ఒక పూట, జనం తక్కువున్నప్పుడు, టైం ఇచ్చి పిలవాలె.

2. గురుకులాల్లో, ఎస్సీ హాస్టళ్లల్లో, యూనివర్సిటీ హాస్టళ్లల్లో ఒక్క నిశ్శబ్దపు గది ఉండాలె.

3. దళిత, ఆదివాసీ విద్యార్థులు క్లినికల్ సైకాలజిస్టులు కావడానికి పూర్తి ఫీజు సర్కారే భరించాలె. మన భాషలో మన బాధ విననోడు ఎన్ని కోర్సులు చదివినా సగం చెవుడే.

4. ఏడీహెచ్‌డీని చట్టంలోని జాబితాలో చేర్చాలె.

విద్యార్థులు ఈ వారమే చెయ్యగల పని ఒకటున్నది. పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు. మీ యూనివర్సిటీకి, మీ కాలేజీకి, కలెక్టరేట్‌కు మూడు ప్రశ్నలు పంపండి. వికలాంగుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం మీ సమాన అవకాశాల విధానం ఎక్కడున్నది? 23వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుల అధికారి ఎవరు? ఆటిజం, చదువు వైకల్యం కోటాలో ఎంతమందిని తీసుకున్నరు, అందులో ఎస్సీ, ఎస్టీలెందరు? ముప్పై రోజుల్లో జవాబియ్యాలె. ఇచ్చిన జవాబూ మనకు ఆయుధమే, ఇయ్యకపోవుడూ మనకు ఆయుధమే.

ఇది చదువుతుంటే "ఇదంత నా గురించే" అనిపించినోళ్లకు ఒక మాట. నీకు పేరు అందకపోవుడు నీ తప్పు కాదు. మొద్దు అన్న సారు మాట రిపోర్టు కాదు. ఎవరో ఒకరికి చెప్పు, నోటితో కాకపోతే మెసేజ్ పెట్టి చెప్పు. బతుకు మీద విరక్తి కలిగే ఆలోచనలు వస్తే టెలీ మానస్ 14416 నంబరుకు ఏ రాత్రైనా ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడొచ్చు. ఉద్యమానికి నువ్వు కావాలె, నీ మెదడు ఎట్లున్నదో అట్లనే కావాలె.

వచ్చే భాగం గురుకులాల టైంటేబుల్ మీద. పొద్దున ఐదు గంటల బెల్లు ఎవరి కోసం కొడతరో మాట్లాడుకుందాం.

జై భీమ్.